కత్తిరించిన నవ్వు

ఇంటి నుంచి, మేడ మీద

ఎక్స్‌రే పిల్లకి,

ముందే చెబుతున్నాను, కంగారు పడకు, ఇంట్లో అందరూ బాగున్నారు. ఈ రోజుల్లో ఉత్తరం వచ్చిందంటే ఎవరికైనా గుండె ఆగినంత పనవుతుంది కాబట్టి ఆ మాట మొదటే రాసేశాను. ఫోన్ ఉండగా ఈ కాగితం గోలేమిటంటావా, అదంతా మీ అన్నయ్య పుణ్యమే. మొన్న నువ్వు ఫోన్ చేసి, దుప్పట్లు పంపలేదని అత్తయ్యతో గొడవ పెట్టుకున్నావు చూడు, ఆ మాటలన్నీ పక్కనే కూర్చుని రికార్డు చేశాడు. "ఆడపడుచు ఫోన్ చేసింది, ఇంట్లో ఏం జరిగిందో చూడండి" అని పేరు పెట్టి లోకం మీదికి వదిలాడు. ఇక ఈ ఇంట్లో ఫోన్ మాట్లాడటమంటే వీధి మధ్యలో మైకు పట్టుకోవడమే. మనిద్దరి మాటలు మనిద్దరి దగ్గరే ఉండాలంటే కాగితమే గతి. నేను నీ ఆసుపత్రికి రాస్తాను. నువ్వు నా కుట్టు షాపుకి రాయి. ఇంటికి రాస్తే, కవరు చింపడం కూడా వీడియో తీస్తాడు.

అసలు సంగతి నీకు సరిగ్గా తెలియదు కదా. స్టూడియో మూసేశాక ఆయన కెమెరా ఒళ్ళో పెట్టుకుని గోడకేసి చూస్తూ కూర్చునేవాడు. చేతిలో ఫోన్ ఉన్న ప్రతివాడూ ఫోటోగ్రాఫరే అయ్యాక, ఇక డబ్బిచ్చి తీయించుకునేదెవరు? మనిషి చిక్కిపోయాడు. ఒకరోజు నేనూ అత్తయ్యా మా పాత ఆట మొదలుపెట్టాం. ఆ ఆట నీకూ తెలుసు. వార్డులో నర్సుగా ఉన్నప్పుడు సూది చూసి ఏడ్చే పిల్లల ముందు ఆవిడ నడుం మీద చెయ్యి వేసుకుని, కళ్ళు పెద్దవి చేసి, "ఎవరది, నా వార్డులో ఏడ్చేది?" అనేదట కదా. పిల్లలు బిత్తరపోయి ఏడుపు మరిచిపోయేలోపు సూది పొడవడం అయిపోయేది, ఆ తర్వాత ఇద్దరూ పకపకా నవ్వుకునేవారు. నేను కాపురానికి వచ్చిన కొత్తలో, బెరుకు పోగొట్టడానికి నామీద కూడా అదే ప్రయోగించింది. అప్పటినుంచి మా ఇద్దరికీ అదో సరదా. ఆవిడ అరుస్తుంది, నేను ఎదురు చెబుతాను, ఎవరు ముందు నవ్వితే వాళ్ళు ఓడినట్టు.

ఆ రోజు గొడవ తడి బట్టల గురించి. ఆవిడ గరిటె ఎత్తింది, నేను ముక్కు చీదుతూ ఏడ్చాను, తర్వాత ఇద్దరం గోడకి చేరబడి కడుపు పట్టుకుని నవ్వాం. ఆయన మొత్తం తీశాడు. కానీ నవ్వు తీసేసి మిగతాది పెట్టాడు. అదేమని అడిగితే, నవ్వు ఉంటే జోకు అనుకుంటారు, జోకులు ఎవరైనా చేస్తారు అన్నాడు. నమ్ముతావో లేదో, మర్నాటికి ఊళ్ళకి ఊళ్ళు చూసేశాయి. నన్ను పాపం కోడలు అంటున్నారు, అత్తయ్యని రాక్షసి అంటున్నారు. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని ఆ తిట్లన్నీ చదువుకుని మరీ నవ్వుతోంది. ఆయన మొహంలో ఎన్నాళ్ళకో వెలుగొచ్చింది. అందుకే ఇంకో రెండు తీద్దామంటే సరేనన్నాం.

నీ వదిన

*

ఆసుపత్రి, ఎక్స్‌రే గది

వదినా,

నీ ఉత్తరం చదువుతూ ఒక ముసలాయన మోకాలికి బదులు మోచెయ్యి ఫోటో తీశాను, ఆ పాపం నీదే. నేను మా అమ్మతో దుప్పట్ల గురించి మాట్లాడింది కూడా జనానికి కాలక్షేపమైందన్నమాట. అన్నయ్యకి నా తరఫున ఒక మొట్టికాయ వెయ్యి, కెమెరా లేనప్పుడు చూసి.

ఆ తడి బట్టల వీడియో నేనూ చూశాను. నేను వెతుక్కుని చూడలేదు, అదే నా దగ్గరికి వచ్చింది. మా వరండాలో ఫోటోల కోసం కూర్చునేవాళ్ళంతా తలలు దించుకుని ఫోన్లే చూస్తుంటారు. మణికట్టు విరిగిన ఒకావిడ రెండో చేత్తో ఫోన్ పట్టుకుని, "ఈ ముసలిదానికి పోయేకాలం వచ్చింది" అంటోంది. తొంగి చూస్తే మా అమ్మ. నాకు ముందు నవ్వొచ్చింది. ఆవిడ మా అమ్మండీ, అదంతా సరదాకి, నిజానికి ఈగకి కూడా హాని చెయ్యదు అని చెప్పాను. ఆవిడ నాకేసి జాలిగా చూసి, "అలాంటి తల్లి దగ్గర ఎలా పెరిగావమ్మా" అంది. ఎంత చెప్పినా వినలేదు. కళ్ళతో చూశాక ఇంకెవరి మాట వింటారు?

నాకు అక్కడ నవ్వు ఆగిపోయింది వదినా. అమ్మకి ఆస్తులు లేవు, మొగుడు లేడు, ఉన్నదల్లా వీధిలో ఆ సిస్టరమ్మ అన్న పేరు. రిటైరయ్యాక కూడా ఇంటి మెట్ల మీద కూర్చుని పిల్లలకి ఇంజెక్షన్లు, ముసలివాళ్ళకి కట్లు చేస్తుంటే ఆవిడ ఊపిరి ఆడుతుంది. రేపు ఆ పేరు పోతే మళ్ళీ తేలేం. తియ్యొద్దని అనను, అన్నయ్య కోలుకున్నాడంటే నాకూ సంతోషమే. కాకపోతే చివర్లో ఆ నవ్వు ఉంచమని చెప్పు. అదొక్కటి ఉంటే చాలు.

సైకిల్ షాపాయన కూతురు ఇంకా వారంవారం ఇంజెక్షనుకి వస్తోందా? అమ్మ ఫోన్‌లో ఆ పిల్ల కబుర్లే చెప్పేది.

నీ ఎక్స్‌రే

*

కుట్టు షాపు

ఎక్స్‌రే,

నవ్వు గురించి మీ అన్నయ్యతో చెప్పాను. ఒకసారి ఉంచి చూశాడు కూడా. పెద్దగా ఎవరూ చూడలేదు. చూసిన నలుగురూ మోసం చేశారని, నాటకాలాడుతున్నారని తిట్టారు. ఏడుపు ఉంటే నిజమంటారు, నవ్వు ఉంటే నాటకమంటారు, మేమేం చెయ్యమంటావు? ఇప్పుడు వారానికి మూడు తీస్తున్నాం. మాటలన్నీ ఆయనే రాస్తున్నాడు, మాకు కాగితం ఇస్తాడు, మేం చదివి చెయ్యడమే. ఒక బట్టల సబ్బు కంపెనీవాళ్ళు కూడా వచ్చారు. ఇక నుంచి నేను ఏ సబ్బుతో ఉతుకుతూ ఏడవాలో వాళ్ళే చెబుతారు.

నీకొక సంగతి చెప్పాలి, నవ్వకు. నిన్న బస్సులో ఒకావిడ లేచి నాకు సీటిచ్చింది. తర్వాత నా చెయ్యి పట్టుకుని, దిగేవరకు తన అత్తగారి కథంతా చెప్పి ఏడ్చింది. ఇలాంటివాళ్ళు రోజూ షాపుకి వస్తున్నారు. బట్టలు కుట్టించుకోవడానికి కాదు, నన్ను చూడ్డానికి. ఇన్నేళ్ళు ఈ మిషను ముందు కూర్చున్నాను. కుట్టించుకున్నవాళ్ళలో ఒక్కరైనా నా మొహం చూశారా? చేతులు ఎంత వదులు, నడుం ఎంత బిగువు అన్నదే తప్ప. ఇప్పుడు వాళ్ళు కళ్ళల్లోకి చూసి మాట్లాడుతుంటే ఏదోలా ఉంటుంది. బాగానే ఉంటుంది.

సైకిల్ షాపాయన కూతురు ఈ మధ్య క్లినిక్‌కి వెళ్తోందట. పిల్ల కదా, వీడియో చూసి దడుసుకుందని వాళ్ళమ్మ అంది. అత్తయ్య పట్టించుకోలేదులే, సాయంత్రం మాత్రం ఇంజెక్షన్ల డబ్బా మెట్ల మీద పెట్టుకుని కాసేపు కూర్చుంది.

అన్నట్టు ఒక మాట అడగనా? ఆవిడ మందుల అలమరకి తాళం వేసి, తాళంచెవి మెడలో తాడుకి కట్టుకుంటుంది. పడుకునే ముందు ఆ తాళం లాగి చూస్తుంది. నాకు తలనొప్పి మాత్ర కావాలన్నా ఆవిడే తీసి, చేతిలో పెట్టి, నేను మింగేదాకా నిలబడుతుంది. ఎందుకత్తయ్యా అని అడిగితే మొహం మాడ్చుకుని వెళ్ళిపోయింది. అది మాత్రం ఆట కాదు. ఇన్నేళ్ళయినా నన్ను నమ్మలేదేమో అనిపించి మనసు చివుక్కుమంది.

నీ వదిన

*

ఆసుపత్రి, ఎక్స్‌రే గది

వదినా,

నమ్మకపోవడం కాదు. నువ్వు అలా అనుకుంటే నేను ఊరుకోలేను, అందుకే ఎవరికీ చెప్పనిది నీకు చెబుతున్నాను.

అన్నయ్యకి నడక వచ్చిన కొత్తలో అమ్మ డ్యూటీకి వెళ్తూ తన మాత్రలు బల్ల మీద మరిచిపోయింది. వాడు మిఠాయి అనుకుని మింగేశాడు. నాన్న భుజాన వేసుకుని ఆసుపత్రికి పరిగెత్తాడు. తీసుకెళ్ళింది అమ్మ వార్డుకే. ఊళ్ళో పిల్లలందరినీ చూసుకునే మనిషి, తన పిల్లవాడి పొట్ట కడుగుతుంటే వాడి కాళ్ళు తనే పట్టుకుని నిలబడింది. వాడు బతికాడు. అమ్మ మాత్రం ఆ రోజు దగ్గరే ఆగిపోయింది. ఆ తాళం అప్పటినుంచి ఉంది. అన్నయ్యకి జ్వరం వచ్చిందనే చెప్పారు, ఈనాటికీ వాడికి తెలియదు. నాన్న పోయే ముందు నాకు చెప్పాడు. నేను కదిలిస్తే అమ్మ ఒక్కసారే నోరు విప్పింది, వాడికి మాత్రం చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది.

నువ్వు మాత్ర మింగేదాకా ఆవిడ నిలబడేది నీమీద అనుమానంతో కాదు, తనమీద అనుమానంతో. ఈ సంగతి నీ కడుపులోనే దాచుకో. ఆవిడ ఈసారి తాళం లాగి చూస్తుంటే కోపం తెచ్చుకోకు, అంతే.

అమ్మ ఫోన్‌లో ఈ మధ్య మాట్లాడటం తగ్గించింది. బయటికి వెళ్తోందా? అడిగితే మోకాళ్ళు నొప్పంటోంది. ఆవిడ మోకాళ్ళ ఫోటో తీసింది నేనే, అవి నాకంటే బాగున్నాయి. ఏం జరుగుతోందో నువ్వైనా నిజం రాయి.

నీ ఎక్స్‌రే

*

కొత్త స్టూడియో, అద్దాల గది

ఎక్స్‌రే,

జవాబు ఆలస్యమైంది, ఏమనుకోకు. షాపు ఎత్తేశాను. మిషను అమ్మలేదు, అది కూడా సెట్టులో పెట్టుకున్నాం, కోడలు కుట్టుపని చేసి ఇల్లు నడుపుతున్నట్టు. ఇప్పుడు ఒక ఇంటిని అద్దెకు తీసుకుని అందులో మన ఇంటిలాగే వంటగది, పడగ్గది కట్టించాం. నాకు మొహానికి రంగు వెయ్యడానికి ఒకమ్మాయి ఉంది. పైన ఏ చిరునామా ఇచ్చానో అక్కడికే రాయి.

మీ అమ్మ బయటికి వెళ్ళడం తగ్గిన మాట నిజమే. కూరగాయలమ్మే ఆవిడ ఏదో అందట, మందుల షాపులో ఎవరో మొహం తిప్పుకున్నారట. ఇలాంటివి పట్టించుకుంటే పని జరుగుతుందా? నన్నూ అంటారు. పెద్ద అమాయకురాలిలా మొహం పెడుతుందని ఎంతమంది రాస్తారో నీకేం తెలుసు? మీ అమ్మ మాత్రం సెట్టులోకి వచ్చిన దగ్గరనుంచి, చివర్లో నవ్వు పెట్టమని మీ అన్నయ్య వెంట పడుతోంది. పదిమంది పనివాళ్ళ ముందు అదేం బాగుంటుంది చెప్పు. ఆవిడ చదువుకున్న మనిషి, రోజులు మారాయని తెలుసుకోవద్దా?

నువ్వు రాసిన సంగతి చదివాను. పాపం అనిపించింది. ఇంకేం రాయను, కిందినుంచి పిలుస్తున్నారు.

వదిన

*

ఆసుపత్రి, ఎక్స్‌రే గది

వదిన గారికి,

ఇవాళ మా వరండాలో అందరూ ఒకే వీడియో చూస్తున్నారు. పేరు "తాళం". కోడలు జ్వరంతో మూలుగుతూ ఒక్క మాత్ర ఇమ్మని దణ్ణం పెడుతుంది. అత్త వచ్చి అలమర తాళం లాగి చూసుకుని, తాళంచెవి మెడలో వేసుకుని, దీపం ఆర్పి వెళ్ళిపోతుంది. వెనక ఏడుపు సంగీతం.

తాళం లాగి చూసింది మా అమ్మే. ఆ గది కొత్త సెట్టు కాదు, మన ఇంట్లో గదే. గోడమీద నా చిన్నప్పటి గీతలు కూడా కనిపిస్తున్నాయి. పడుకునే ముందు ఆవిడ రోజూ చేసే పనిని చాటుగా తీశారు. మీ మూలుగు ఇంకెక్కడో తీసి దాని పక్కన అతికించారు. దణ్ణం పెట్టిన కోడలు ఆ గదిలో లేనేలేదు. మా అమ్మకి తను ఏ పాత్ర చేస్తోందో కూడా తెలియదు.

అన్నయ్యకి ఫోన్ చేశాను, రికార్డు చేసుకుంటే చేసుకోనీ అని. ఇలాంటి రాతలు ఎలా రాయబుద్ధి అయిందిరా అని అడిగాను. వాడు తెల్లబోయాడు. "నేనెప్పుడు రాశానే? మొదటినుంచీ మీ వదినే రాస్తోంది. నేను కెమెరా పట్టుకోవడమే" అన్నాడు. తాళం సంగతి ఎవరు చెప్పారంటే, అదీ వదిన ఆలోచనేనన్నాడు. తన సంగతే తనకి తెలియక, బాగా వచ్చింది కదా అని నన్నే అడిగాడు.

ఆ తాళం గురించి ఈ లోకంలో తెలిసినవాళ్ళలో మీరొక్కరే బయటివారు. మీరు బయటివారని నేననుకోలేదు. ఫోన్‌లో మాట్లాడితే దొంగతనంగా వింటున్నారని, కాగితమైతే భద్రమని మీరే చెప్పారు. నమ్మాను.

సైకిల్ షాపాయన భార్య వచ్చి, ఇదివరకు మా పిల్లకి ఏ మందులు పొడిచావో చెప్పు అని వీధిలో నిలబెట్టి అడిగిందట. పక్కింటివాళ్ళు చెబితే తెలిసింది. అమ్మ నాకు చెప్పలేదు, మీరూ రాయలేదు. ముప్ఫై ఏళ్ళు సూది పట్టిన చెయ్యి మీద ఆ మాట పడింది. వెంటనే ఆ వీడియో తీసేసి, ఇదంతా కల్పన అని మీ నోటితో చెప్పండి. ఇంకేమీ అడగను.

మీ ఆడపడుచు

*

కొత్త స్టూడియో, అద్దాల గది

ఆడపడుచుకి,

నన్ను "మీరు" అన్నావు కాబట్టి నాకూ తేలికైంది. అవును, నేనే రాస్తున్నాను. ఆయనకి నాలుగు మాటలు వరసగా పేర్చడం రాదు. మొదట్లో సిగ్గేసి నీకు చెప్పలేదు, తర్వాత చెప్పే అవసరం కనిపించలేదు.

నువ్వు ఆసుపత్రిలో తెల్లకోటు వేసుకుని తిరుగుతావు, నిన్ను మేడమ్ అంటారు. మీ అమ్మని సిస్టరమ్మ అంటారు. నన్నేమనేవారు? సిస్టరమ్మ గారి కోడలు. ఆ ముక్క కూడా సగం మందికి గుర్తుండేది కాదు. ఇప్పుడు నాకు రోజూ ఆడవాళ్ళు రాస్తారు. వాళ్ళ ఇళ్ళలో నిజంగా తాళాలున్నాయి, నిజంగా మాత్రలు ఇవ్వనివాళ్ళున్నారు. "తాళం" వీడియో చూశాక ఒకమ్మాయి పుట్టింటికి పారిపోయి బతికానని రాసింది. ఆ అమ్మాయి అబద్ధమా? మీ అమ్మ మంచిదే కావచ్చు, కానీ ఆవిడ ఒక్కతి మంచితనం కోసం వీళ్ళందరి నోరు నొక్కమంటావా? ఈ మాట నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. చెప్పుకున్న ప్రతిసారీ సరిగ్గానే ఉంది.

ఆదివారం జరిగింది నీకు వేరేవాళ్ళు చెప్పేలోపు నేనే రాస్తున్నాను. ఆ రోజు లైవ్ పెట్టాం, అంటే తీస్తున్నది తీస్తున్నట్టే అందరికీ కనిపిస్తుంది. నేను జనంతో మాట్లాడుతుంటే మీ అమ్మ ఎవరూ పిలవకుండా లోపలికి వచ్చింది. "ఒక్క మాట చెప్పమ్మా, ఇదంతా ఆటేనని. ఆ పిల్ల సూదికి రావట్లేదు" అంది. అందరూ చూస్తున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఆట మీకు. నాకు కాదు. ఇన్నేళ్ళు మీరు అరిచారు, నేను ఏడ్చాను. ఒక్కసారైనా నేను అరిచి మీరు ఏడ్చారా?" అన్నాను.

అది రాసుకున్న మాట కాదు. ఎక్కడినుంచి వచ్చిందో నాకే తెలియదు. కానీ ఆవిడ మొహం విప్పారింది. నేను ఆట మొదలుపెట్టాననుకుంది. గబగబా నడుం మీద చెయ్యి వేసుకుని, కళ్ళు పెద్దవి చేసి, "ఎవరది, నా వార్డులో అరిచేది?" అంది. అని, నా మొహంలోకి చూస్తూ నిలబడింది. దేనికోసం చూస్తోందో నాకు తెలుసు. ముందు తనే ఓడిపోవడానికి సిద్ధంగా ఉంది, పెదవుల చివర్లు వణుకుతున్నాయి. నాకు నవ్వు రాలేదు. రాలేదో, రానివ్వలేదో ఇప్పుడు చెప్పలేను. ఆవిడ అలాగే చాలాసేపు నిలబడి, తర్వాత నడుం మీద చెయ్యి మెల్లిగా దించేసింది.

మా వీడియోల్లో అంతమంది చూసింది ఇంకోటి లేదు.

మీ అమ్మ సంచి సర్దుకుంది. నీ దగ్గరికి వస్తుంది. మందుల అలమర తాళంచెవి నా బల్ల మీద పెట్టి వెళ్ళింది. ఆయన బస్సెక్కించడానికి వెళ్ళాడు, కెమెరా తీసుకెళ్ళొద్దని నేనే చెప్పాను. ఆ మాత్రం నాకూ తెలుసు.

వదిన

*

అద్దె గది, రెండో అంతస్తు

వదిన గారికి,

అమ్మ క్షేమంగా చేరింది.

వచ్చిన రోజే మా ఇంటి ఓనరు భార్య గుర్తుపట్టింది. మెట్ల మీద పక్కకి పిలిచి, "ఇంట్లో చిన్నపిల్లలున్నారు, ఆవిడ ఎన్నాళ్ళుంటారు?" అని అడిగింది. ఆవిడ మనవడికి ఆస్తమా. ఇదివరకు రాత్రిళ్ళు ఆయాసం వస్తే నన్నే లేపేవారు. ఇప్పుడు అమ్మ వరండాలోకి వస్తే ఆ పిల్లవాణ్ణి లోపలికి లాక్కుని తలుపు వేస్తున్నారు. అమ్మ అది చూసింది. చూడనట్టు తాడు మీద బట్టలు సర్దింది. ఆరిపోయిన బట్టల్నే మళ్ళీ మళ్ళీ సర్దుతుంది.

మీమీద ఒక్క మాట అనలేదు. నేను అంటే అననివ్వలేదు. ఏడ్వాల్సిన వయసులో ఏడ్వనిచ్చి ఉండాల్సింది, ఊరికే నవ్వించాను అంది. ఇంకోటి కూడా అంది, అది రాయకుండా ఉండలేను. "నేను ఎప్పుడూ నర్సునే అయ్యాను, దాన్ని ఎప్పుడూ పిల్లనే చేశాను. దానికి విసుగొచ్చి ఉంటుంది." మీరు ఆ లైవ్‌లో అడిగిన ప్రశ్నకి ఈవిడ ఇక్కడ కూర్చుని జవాబు వెతుక్కుంటోంది. అక్కడ దాన్ని చూసినవాళ్ళు చప్పట్లు కొట్టి వెళ్ళిపోయారు.

క్షమాపణలు వద్దు. అన్నయ్య దగ్గర మొట్టమొదటి వీడియో, కోయకముందుది, ఉండే ఉంటుంది. తడి బట్టల గొడవ. చివర మీరిద్దరూ గోడకి చేరబడి నవ్వింది. అది నాకు పంపండి. ఈ ఇంట్లో నాలుగు కుటుంబాలకి చూపిస్తాను, అంతే. ఊరందరి దగ్గరా పోయిన పేరు ఎలాగూ రాదు, ఈ ఒక్క వరండాలోనైనా ఆవిడ తలెత్తుకుని తిరిగితే చాలు.

మీ ఆడపడుచు

*

కొత్త స్టూడియో

ఆడపడుచుకి,

వీడియో దొరికింది. నీకు విడిగా పంపనక్కర్లేదు, ఆదివారం మన చానల్లో చూడు. నువ్వడిగిన నవ్వు మొత్తం ఉంటుంది. మీ అన్నయ్య దాన్ని చూస్తూ చాలాసేపు కళ్ళు తుడుచుకున్నాడు. అందరికీ మంచే జరుగుతుంది. మీ అమ్మకి కూడా చూపించు.

వదిన

*

అద్దె గది, రెండో అంతస్తు

పాపం కోడలు గారికి,

చూశాం.

"అత్త మారింది" అని పేరు పెట్టారు. మొదట మీరు కొత్త వంటగదిలో ఒంటరిగా కూర్చుని, అత్తయ్య లేని ఇల్లు బోసిపోయిందన్నారు. తర్వాత తలుపు చప్పుడు. తర్వాత ఆ నవ్వు. పాత గోడ కనిపించకుండా మీ ఇద్దరి మొహాలు దగ్గరగా చూపించారు, అమ్మ తిరిగొచ్చి మిమ్మల్ని క్షమించమని అడిగినట్టు, ఇద్దరూ కలిసిపోయినట్టు. చివర సబ్బు. ఒక్క మాట కూడా కల్పించనక్కర్లేకపోయింది మీకు. ఆ నవ్వు నిజమైనదే కాబట్టి అందరూ నమ్మారు.

అది ముందు చూపించింది ఓనరు భార్యే. ఆవిడే పైకి వచ్చింది, ఫోన్ పట్టుకుని, కళ్ళు తడి చేసుకుని. మనవణ్ణి కూడా తీసుకొచ్చింది. ఏమీ అనుకోవద్దండీ, మనుషులన్నాక తప్పులు చేస్తారు, దిద్దుకున్నారు చూడండి అది గొప్ప అంది. చెయ్యని తప్పుకి మా అమ్మకి క్షమాపణ దొరికింది. కింది వాటా వాళ్ళు పలకరించారు. పిల్లవాడికి ఇంజెక్షన్ ఉంటే రేపు మీరే చెయ్యండి అన్నారు. అమ్మ ఫోన్‌లో ఆ నవ్వు చూస్తూ ఉండిపోయింది. తన చేతిలోని గరిటె, ఆ తడి బట్టలు, అన్నీ గుర్తుపట్టింది. నాకేసి చూడలేదు.

అప్పుడు ఓనరు భార్య అడిగింది. "మరి కలిసిపోయారుగా, ఇంకా ఇక్కడే ఉన్నారేం?"

నేను నోరు తెరవబోయాను. మొత్తం చెప్పేద్దామనుకున్నాను. అమ్మ నా చెయ్యి నొక్కింది. నడుం మీద చెయ్యి వేసుకుంది, కళ్ళు పెద్దవి చేసింది.

"అదేమిటమ్మా, కూతురి దగ్గర నాలుగు రోజులుంటే తప్పా? రోజూ ఫోనే, ఎప్పుడొస్తారత్తయ్యా, ఎప్పుడొస్తారత్తయ్యా అని. నా కోడలు నన్ను నిమిషం వదలదు" అంది.

ఓనరు భార్య నవ్వింది. పిల్లవాడు నవ్వాడు. మీరు రాసిన ఏ కాగితమూ మా అమ్మ అంత బాగా చదవలేదు. వాళ్ళు దిగి వెళ్ళిపోయాక నేను ఆవిడ మొహంలోకి చూస్తూ నిలబడ్డాను, ఆ రోజు మీరు ఆవిణ్ణి నిలబెట్టినట్టే. ఆట అయిపోయింది కదా, ఇక నవ్వుతుందేమోనని. ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుని, ఇంట్లో మాత్రలు ఎక్కడ పెడతావే అని అడిగింది. అలమరకి తాళం వేయించమంది.

నేను ఇక రాయను. మీకు ఈ ఉత్తరం కూడా పనికొస్తుందని తెలుసు, లైటు ముందు పెట్టి చదువుకోండి. చివర మాత్రం కత్తిరించకండి.

మీ అత్తగారి కూతురు